తెల్ల ఊట

ఐసు ఫ్యాక్టరీలో అందరూ ఆమెను మరక్క అనేవారు. గడ్డలు నూరే మర దగ్గర పని కాబట్టి ఆ పేరు వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళు తొందరలో "మరకా" అని పిలిస్తే, "ఉతికితే పోయేదాన్ని కాను లేవయ్యా" అని నవ్వేది. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పక్క పన్ను ఒకటి లేదు. అది ఎలా ఊడిందో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అడిగేవారు కాదు.

ఆమె మొగుడు అక్కడే మేస్త్రీ. అతన్ని సమ్మెట అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తర్వాత ఎదురుగానే అన్నారు, అతనికీ ఆ పేరు నచ్చింది. మాట కంటే చెయ్యి ముందు లేచే మనిషి. దెబ్బ పడ్డాకగానీ ఎందుకు పడిందో తెలిసేది కాదు.

మరక్కకి ఒక తమ్ముడు ఉన్నాడు. బక్కోడని పిలుస్తారు. ఆమే బతిమాలి పనిలో పెట్టించింది. "గట్టిగా తుమ్మితే ఎగిరిపోతాడు, వీడు ఐసు డబ్బాలు లాగుతాడా?" అని ఎగతాళి చేస్తూనే సమ్మెట వాణ్ణి చేర్చుకున్నాడు. ఇంట్లో ఒకరు, పనిలో ఒకరు తన చేతికింద ఉండడం అతనికి ఇష్టమే.

గొడవ జరిగిన రోజు చేపల లారీలు గేటు బయటిదాకా బారులు తీరి ఉన్నాయి. పొద్దుటినుంచీ మర ఆగలేదు. ఉన్నట్టుండి గడ్డతోపాటు విరిగిన కొక్కెం ఒకటి పళ్ళచక్రంలో పడి కరకరలాడింది. మరక్క మీట దించేసింది. మర ఆగిపోయింది. లారీవాళ్ళు హారన్లు మోగించారు.

సమ్మెట, ఐసు డబ్బాలు ముంచే ఉప్పునీళ్ళ తొట్ల వైపునుంచి వచ్చాడు.

"ఎవరాపమన్నారే?"

"కొక్కెం పడిందయ్యా. తీయకపోతే పళ్ళు విరుగు..."

మాట పూర్తి కాలేదు. ఎడాపెడా రెండు పడ్డాయి. రెండో దెబ్బకి ఆమె తల వెళ్ళి మర అంచుకు కొట్టుకుంది. కనుబొమ దగ్గర చిట్లి కంట్లోకి రక్తం కారింది. జుట్టు పట్టుకుని లేపి మూడోది కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కాళ్ళకింద పారుతున్న నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. అలా చూడడం వాళ్ళకి అలవాటే.

బక్కోడు తొట్లమీద పరిచిన చెక్కలమీదనుంచి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, వదులు. అక్కను వదులు!"

"నువ్వెవడివిరా చెప్పడానికి?"

"వదలకపోతే ఊరుకోను."

సమ్మెట నవ్వాడు. పెళ్ళాం జుట్టు వదిలి బామ్మర్ది మెడ అందుకున్నాడు. కోడిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, తొట్టిమీది చెక్క ఒకటి కాలితో తన్నేసి, ఆ సందులోంచి వాడి తల ఉప్పునీళ్ళలోకి దించాడు. ఆ నీళ్ళు మామూలు నీళ్ళు కావు. మంచుకంటే చల్లగా ఉండి కూడా గడ్డకట్టవు. వేలు ముంచితే ఎముకదాకా కాల్చినట్టుంటుంది. బక్కోడి కాళ్ళు చెక్కలమీద టపటపా కొట్టుకున్నాయి. పైకి లాగాడు. వాడి ముఖం సున్నంలా తెల్లబోయింది. మళ్ళీ ముంచాడు.

"చాలు మేస్త్రీ, చచ్చిపోతాడు," అని ఎవరో దూరంనుంచే అన్నారు.

మరక్క పాక్కుంటూ వెళ్ళి మొగుడి కాలు పట్టుకుంది. ఆ కాలితోనే ఆమె పక్కటెముకలమీద తన్నాడు. మూడోసారి తల పైకి లాగేసరికి బక్కోడి చెయ్యి పక్కనున్న చెక్కమీద తడుముకుంటోంది. అక్కడ గడ్డలు పగలగొట్టే ఇనుప ములుకు ఉంది. జానెడు పొడుగు, చెక్క పిడి. వాడికి కళ్ళు కనబడడం లేదు. చేతికందినదాన్ని పట్టుకుని గుడ్డిగా పైకి పొడిచాడు.

అది సమ్మెట ఎడమ భుజానికీ మెడకీ మధ్య, ఎముక పైనున్న గుంటలో పిడిదాకా దిగింది.

అతను బామ్మర్దిని వదిలేశాడు. మెడ వంచి పిడిని చూసుకున్నాడు. తర్వాత తనే పట్టుకుని లాగేసి నేలమీద పారేశాడు. రక్తం పెద్దగా రాలేదు. "చీమ కుట్టింది," అని నవ్వి రెండడుగులు వేసి మర దగ్గర కూలబడ్డాడు.

ఆసుపత్రిలో ఫోటోలు తీసి, గుచ్చి, వెలుగుపెట్టి చూశారు. మెడలో ఉన్న పెద్ద రక్తనాళాలు రెండిటి మధ్యనుంచి ములుకు దూరిపోయిందనీ, దేనికీ దెబ్బ తగల్లేదనీ, నూరేళ్ళ ఆయుష్షుందనీ అన్నారు. పైన రెండు కుట్లు వేశారు. పోలీసు వచ్చి అడిగితే సమ్మెట, "కాలు జారి ములుకుమీద పడ్డాను," అన్నాడు. మరక్క ఆశ్చర్యపోయింది. పోలీసు వెళ్ళాక అతను ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"మీ తమ్ముణ్ణి కాపాడాననుకుంటున్నావా? జైల్లో పడేస్తే వాణ్ణి కాపలా పెట్టి దాచినట్టే. బయటే ఉండనీ. నేను లేచొచ్చి ఒక్కో ఎముకా విరుస్తాను. నువ్వు పక్కన నిలబడి చూస్తావు."

ఆ మాట ఊరికే అనలేదని ఆమెకు తెలుసు. ఆమె మొగుడికి ఎన్ని చెడ్డగుణాలున్నా మాట తప్పడం వాటిలో లేదు.

మర్నాడు అతను సుష్టుగా తిన్నాడు. గుడ్లు, పాలు, మాంసం, వేపుడు. తిన్న కాసేపటికి మెడ ఉబ్బింది. కట్టు తడిసింది. నర్సు కట్టు విప్పి, "చీము పట్టినట్టుంది," అంది. చీము కాదది. వాసన లేదు. చిక్కటి పాలలాంటిది కుట్ల సందులోంచి ఊరి ఛాతీమీదకి కారుతోంది. ఒత్తితే ఆగడం లేదు.

పెద్ద డాక్టరమ్మ వచ్చింది. పొట్టిగా, గబగబా మాట్లాడే మనిషి. వేలితో ఆ తెలుపును తాకి చూసి, మరక్కని వరండాలోకి పిలిచింది.

"గజ్జల్లో బిళ్ళ కట్టింది అంటాం చూడండి, ఎప్పుడైనా చూశారా?"

"కాలికి పుండు పడితే కడుతుంది కదమ్మా."

"అదే. ఆ బిళ్ళలు మెడలో, చంకల్లో, కడుపులో, ఒళ్ళంతా ఉన్నాయి. రక్తం తిరిగేటప్పుడు దాంట్లోంచి కొంత నీరు కండల్లోకి ఊరిపోతుంది. ఆ ఊటను మళ్ళీ పోగుచేసి తెచ్చే సన్నటి కాలువలు వేరే ఉన్నాయి. మధ్యమధ్యలో ఈ బిళ్ళలు చెక్‌పోస్టుల్లాగా ఉంటాయి. పుండులోంచి ఏ విషప్పురుగు లోపలికొచ్చినా అక్కడ పట్టుకుంటారు. పట్టుకునే సిపాయిలు కూడా ఈ కాలువల్లోనే తిరుగుతారు. కాలువలు చాలావరకు కలిసి ఒక పెద్ద గొట్టమై, వెన్నెముక ముందునుంచి ఎక్కి, ఎడమ మెడ మొదట్లో రక్తంలో పడతాయి. మనం తిన్న కొవ్వు కూడా ఆ దారినే వస్తుంది. అందుకే పాలలాగా ఉంది."

"ఆ గొట్టం తెగిందా?"

"సరిగ్గా అక్కడే. రక్తనాళాలు తప్పించుకున్నాయి గానీ ఇది తప్పించుకోలేదు. ఇలాగే కారిపోతే తిన్న బలమూ పోతుంది, సిపాయిలూ పోతారు. చిన్న జలుబు చేసినా తట్టుకోలేడు. ఇవాళ్టినుంచి నూనె, పాలు, నెయ్యి, మాంసం ఏదీ వద్దు. కొవ్వు వెళ్ళకపోతే ఆ గొట్టంలో పారుదల తగ్గి, చిల్లు దానంతటదే పూడే అవకాశం ఉంది. పూడకపోతే కోసి ముడేస్తాం. వంట మీదేనా?"

"నాదే."

"అయితే ఆయన ప్రాణం మీ చేతిలోనే ఉంది."

మాటవరసకి అందామె. మరక్క మాత్రం మెట్లమీద చాలాసేపు కూర్చుండిపోయింది. పక్కటెముకలు ఇంకా నొప్పి పుడుతున్నాయి.

కారేది బయటికి రావడానికి మెడలోకి సన్నటి ప్లాస్టిక్ గొట్టం వేసి మంచం పక్కన సీసా తగిలించారు. ఆమె రోజూ చప్పిడి గంజి, ఉడికించిన కూరగాయలు, గుడ్డులో తెల్లసొన, పళ్ళు పట్టుకెళ్ళేది. సీసాలోకి దిగే తెలుపు కొంచెం పలచబడింది. సమ్మెట మాత్రం చిక్కిపోతున్నాడు. దవడలు లోపలికి పోయాయి. అయినా గంజి నోట్లో పెట్టినప్పుడల్లా బామ్మర్దిని ఎలా చంపాలో చెప్పేవాడు. మొదట మోకాళ్ళు, తర్వాత వేళ్ళు. "తినిపించవే, త్వరగా లేవాలి," అనేవాడు. ఆమె చెంచాతో తినిపించేది. ఒక్కో చెంచాతో తమ్ముడి చావు ఒక్కో అడుగు దగ్గరవుతోందని ఆమెకు అనిపించేది. పామును పాలుపోసి పెంచడమంటారు. ఈమెకు పాలు పొయ్యకుండా పెంచమని ఉత్తర్వు.

ఒకనాడు గంజి కాస్తూ కాస్తూ ఆమె వెన్న తీసుకుని ఒక గరిటె నిండా వేసింది. కలిపి, గిన్నెమీద మూతపెట్టి పట్టుకెళ్ళింది.

సమ్మెట మొదటి చెంచా నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఇవాళ రుచిగా ఉందే," అన్నాడు. "చాలా బాగుంది."

పెళ్ళయ్యాక ఆమె వంటను అతను మెచ్చుకోవడం అదే మొదటిసారి. గిన్నె ఊడ్చుకుని తిన్నాడు. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది. కాసేపటికి సీసా పాలు పితికినట్టు నిండింది. నర్సు కేకలు వేసింది. డాక్టరమ్మ వచ్చి సీసా చూసి, ఆమెను చూసి, "కొవ్వు ఎవరు పెట్టారు?" అంది.

"నేనే."

"తెలియక పెట్టారా?"

"తెలిసే పెట్టాను."

డాక్టరమ్మ ఆమె కనుబొమమీద మానుతున్న గాటు కేసి చూసింది. గొంతు తగ్గించింది. "ఇంకోసారి పెడితే పోలీసుకి చెప్పాలి. ఈసారికి చెప్పను. ఇంటికెళ్ళి పడుకోండి. రేపటినుంచి ఆసుపత్రి వంటే పెడతాం, మీరు తినిపించండి చాలు."

మళ్ళీ ఆమె ఆ పని చెయ్యలేదు. భయంవల్ల కాదు. "బాగుంది" అన్న మాట ఆమెను ఏ దెబ్బకంటే కూడా ఎక్కువగా కుమ్మేసింది.

చిల్లు పూడలేదు. ఆపరేషనుకి రోజు నిర్ణయించారు. రక్తపరీక్షలో సిపాయికణాలు అడుగంటాయని డాక్టరమ్మ చెప్పింది. మాస్కు లేకుండా ఎవరూ మంచం దగ్గరికి రాకూడదంది. సరిగ్గా అప్పుడే బక్కోడు వచ్చాడు.

ఇన్నాళ్ళూ వాడు ఎవరింట్లోనో తలదాచుకున్నాడు. దాక్కోవడం వాడివల్ల కాలేదు. మిట్టమధ్యాహ్నం, వార్డులో అందరూ చూస్తుండగా, మాస్కు కూడా లేకుండా మంచం దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మరక్క లేచి అడ్డం వెళ్ళింది.

"నువ్వెందుకొచ్చావురా? వెళ్ళు!"

"బావతో మాట్లాడాలక్కా. ఏం చేస్తాడో చెయ్యనీ. రోజూ చావలేను."

సమ్మెట దిండుమీద తల తిప్పాడు. ముఖం విప్పారింది. "రారా బామ్మర్దీ," అన్నాడు తీయగా. "దగ్గరికి రా. గొంతు పెగలడం లేదు. వంగు."

"వద్దురా," అంది మరక్క.

బక్కోడు వంగాడు.

ఎముకల గూడులా ఉన్న ఆ మనిషిలో అంత బలం ఎక్కడ దాగిందో. కుడి పిడికిలి బక్కోడి మూతిమీద ఫట్టున పేలింది. పళ్ళు విరిగిన చప్పుడు పక్కమంచాలదాకా వినబడింది. బక్కోడు వెనక్కి పడేలోపు చొక్కా పట్టుకుని మళ్ళీ అదే చోట గుద్దాడు. మళ్ళీ. మంచంమీదనుంచి ఇద్దరూ కిందపడ్డారు. మెడలో గొట్టం ఊడి తెలుపూ ఎరుపూ కలిసి నేలంతా చిమ్మాయి. సెలైను స్తంభం లాగి దాంతో బక్కోడి తలమీద బాదాడు. బక్కోడు ఒక్క దెబ్బకీ చెయ్యెత్తలేదు. ముఖం కప్పుకోవడానికైనా ఎత్తలేదు.

మరక్క వెనకనుంచి మొగుడి నడుం పట్టుకుని లాగింది. అతని మోచెయ్యి వచ్చి ఆమె ముక్కుకి తగిలింది. వదల్లేదు. వార్డుబాయ్‌లు వచ్చి ముగ్గురినీ విడదీశారు. సమ్మెట రొప్పుతూ, నవ్వుతూ, కుడి పిడికిలి ఎత్తి చూపించాడు. కణుపుమీద బక్కోడి పన్ను దిగి, చర్మం చీలి, లోపల తెల్లగా ఏదో కనబడుతోంది.

"ఇది బోణీ," అన్నాడు.

మెడ గొట్టం మళ్ళీ పెట్టే హడావిడిలో చేతికి ఒక ప్లాస్టరు అంటించి ఊరుకున్నారు. నొప్పిగా ఉందా అని అడిగితే అతను లేదన్నాడు. నొప్పి ఒప్పుకోవడం అతనికి తెలియని విద్య.

రెండోరోజుకి పిడికిలి ముడవడానికి రాలేదు. చేతిమీదినుంచి ఎర్రటి గీత ఒకటి, ఎవరో సిరాతో గీసినట్టు, మోచేతిదాకా పాకింది. డాక్టరమ్మ ప్లాస్టరు పీకి చూసి, కోపంతో దాన్ని విసిరికొట్టింది.

"పన్ను గాటా ఇది? ఎవరూ చెప్పరేం? మనిషి నోట్లో ఉన్నంత విషం కుక్కనోట్లో కూడా ఉండదు!"

అతని చంకలో వేళ్ళు పెట్టి నొక్కింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"ఇంత విషం ఎక్కితే ఈపాటికి ఇక్కడ నిమ్మకాయంత బిళ్ళ కట్టాలి. లోపల యుద్ధం జరుగుతుంటే గడ్డ లేస్తుంది. ఏదీ? యుద్ధం చేసేవాళ్ళేరీ?" ఆమె మరక్కతో కాదు, తనతో తనే మాట్లాడుకుంటోంది. తర్వాత సమ్మెటవైపు తిరిగింది. "చెయ్యి తీసెయ్యాలి. ఇప్పుడే. ఆలస్యమైతే ప్రాణం పోతుంది."

"కుడిచెయ్యా?"

"అవును."

"అది లేకపోతే నేనెవణ్ణి?" అన్నాడు సమ్మెట. "ముట్టుకుంటే ఎడంచేత్తో చంపుతా."

అందరూ చెప్పారు. ఊరినుంచి వచ్చిన అతని తల్లి గడ్డం పట్టుకుని ఏడ్చింది. వినలేదు. మరక్క కూడా చెప్పింది. "ఏమయ్యా, ఒక చెయ్యి పోతే పోనీ. నేను లేనా?" అంది. ఆ మాట ఎందుకందో ఆమెకే తెలియలేదు. అతను ఆమెకేసి చూసి, "నువ్వుండి ఏం చేస్తావు, కొడతావా?" అని పకపకా నవ్వాడు.

అతనికి తెలివి తప్పాక డాక్టర్లు చెయ్యి కోశారు. అప్పటికే గీత భుజం దాటింది. ఒళ్ళు పొయ్యిమీది పెనంలా కాలింది. మందులు ఎన్ని ఎక్కించినా, లోపలినుంచి వాటికి సాయం వచ్చేవాళ్ళు లేరు. చివరి సాయంత్రం ఒకసారి కళ్ళు తెరిచాడు. మిగిలిన ఎడంచెయ్యి గాలిలో ఆడించాడు. మరక్క చెవి దగ్గరపెట్టి వింది.

"వాణ్ణి పిలువు," అన్నాడు. "ఒక్కటి... ఇంకొక్కటి."

ఆ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె జుట్టులో చిక్కుకుంది. ప్రాణం పోయాక కూడా వేళ్ళు వదల్లేదు. నర్సు ఒక్కొక్కటే విడదీసింది.

వరండాలో అత్త ఆమె చెంప పగలగొట్టింది. "ఎవరు చంపారే నా కొడుకుని?" అని అరిచింది. మెడలో చిల్లుపెట్టింది తమ్ముడు. వెన్న వేసింది తను. గాటు చేసుకుంది అతని పిడికిలే. ఏది ముందు, ఏది వెనక అని తేల్చడం డాక్టరమ్మకే చేతకాలేదు. "అన్నీ కలిసి," అందామె, తలొంచుకుని.

ఇన్‌స్పెక్టరు కేసు మూసేయడానికే వచ్చాడు. "కాలు జారిందని ఆయనే చెప్పాడు. చేతికి తగిలింది ఆయన కొట్టిన దెబ్బే. మీరూ అవునంటే అయిపోయింది." మరక్క అవునందామనే నోరు తెరిచింది. అంతలో పక్కనున్న బక్కోడు, బోసినోటితో, మాట సరిగా రాకుండానే అందుకున్నాడు.

"పొడిచింది నేను సార్."

"నోర్ముయ్యిరా!" అంది మరక్క.

"అక్కా, ఆ అబద్ధం బావది. నన్ను చంపడానికి చెప్పాడు. దానికింద నేను బతకలేను."

ఆమె వాడి ముఖం చూసింది. అంత ఉబ్బిన ముఖంలోనూ కళ్ళు కుదురుగా ఉన్నాయి. అప్పుడామె కుర్చీలో కూర్చుంది. "అయితే నాదీ రాసుకోండి సార్," అంది. "మొదటినుంచీ చెప్తాను." పన్ను ఊడినప్పటినుంచి మొదలుపెట్టింది. వెన్న సంగతి కూడా దాచలేదు.

కోర్టులో విచిత్రం జరిగింది. ఆనాడు నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తొట్టి సంగతి చెప్పారు. ఒకడు చెప్తూ చెప్తూ ఏడ్చాడు. వెన్న సంగతి అడిగినప్పుడు డాక్టరమ్మ, అది తప్పేననీ, ప్రాణం తీసింది మాత్రం అది కాదనీ చెప్పింది. జడ్జి మరక్కని మందలించి వదిలేశాడు. బక్కోడు ప్రాణం కాపాడుకోవడానికే పొడిచాడు గానీ అంత లోతుగా పొడవనక్కరలేదన్నాడు. వాడికి తక్కువ శిక్షే పడింది. వాడు జైలు వంటింట్లో పనికి కుదిరి, ఆమె చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా కొంచెం ఒళ్ళు చేసి కనబడేవాడు. "ఇంక నన్ను బక్కోడనకూడదే అక్కా," అని పెట్టుడుపళ్ళతో నవ్వేవాడు.

మరక్క మళ్ళీ మర దగ్గరికే వెళ్ళింది. కొత్త మేస్త్రీ వచ్చాడు. చెడ్డవాడని కాదు, ఎండాకాలం లారీల ఒత్తిడిలో ఉన్నాడు. ఒకరోజు డబ్బాలు లాగే కూలివాడు కాలు జారి గడ్డను పగలగొట్టాడు. మేస్త్రీ బూతులు తిడుతూ చెయ్యెత్తాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకోబోయారు.

మర చప్పుడు ఆగిపోయింది. మరక్క వచ్చి, ఎత్తిన ఆ చెయ్యిని మణికట్టు దగ్గర పట్టుకుంది.

"వదలమ్మా," అన్నాడు మేస్త్రీ. "నువ్వెవరివి మధ్యలో?"

గేటు బయట హారన్లు మోగుతున్నాయి. అతను విడిపించుకోవాలని చూశాడు. ఏళ్ళతరబడి గడ్డలెత్తిన చెయ్యి ఆమెది. అతని చెయ్యి దానంతటది కిందికి దిగేదాకా పట్టుకునే ఉంది. తర్వాత వెళ్ళి మీట ఎత్తింది.